కల్లు దుకాణం మూతపడ్డ వారం: అల్ప్రాజోలం కోసం వచ్చిన ఒక చీటీ

నిజామాబాద్ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో 19 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టరైన ఫార్మసిస్టును, షాపు లైసెన్సు కూడా నా పేరు మీదే ఉంది. ఈ కేసు 2025 జూలైలో మొదలై డిసెంబరులో ముగిసింది. ఆ ఇంటివాళ్లను అడిగే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. తోటి ఫార్మసిస్టుల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "చీటీ లేకపోతే గోలీ లేదు" అని చెప్పేస్తే కౌంటర్ దగ్గర మన పని అయిపోయినట్టే అనుకునేవాళ్లు చదవాలి. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

మా ప్రాంతం తెలియనివాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. చెట్టు నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు ఎక్కువసేపు నిలవవు. తాగేవాళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. ఆ తేడాను నీళ్లతో, శాక్రిన్‌తో, మత్తుమందుతో పూడ్చడం తెలంగాణలో ఏళ్ల తరబడి సాగుతున్న దందా. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం ఎక్కువగా కలిపేవాళ్లు, తర్వాత ఆందోళనకు, నిద్రకు వాడే అల్ప్రాజోలం వచ్చింది. రోజూ రెండు సీసాలు తాగే మనిషి తనకు కల్లు అలవాటైంది అనుకుంటాడు. అతని మెదడు మాత్రం బెంజోడయాజెపైన్‌కు (డయాజెపాం, అల్ప్రాజోలం ఈ రకం మందులే) అలవాటు పడి ఉంటుంది. ఎంత మోతాదుకు అలవాటు పడిందో తాగినవాడికి తెలియదు, కలిపినవాడికీ తెలియదు. దుకాణం మూతపడితే ఒకటి రెండు రోజుల్లోనే చెమటలు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, పొంతన లేని మాటలు మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి.

2025 జూలై మొదట్లో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. శాంపిళ్లలో అల్ప్రాజోలం బయటపడింది. ఆ వార్త వచ్చిన వారంలోనే మా దగ్గరి దుకాణాలకూ తాళాలు పడ్డాయి. కల్తీని ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ తాళం పడ్డ మర్నాటి నుంచి ఆ జనమంతా మెడికల్ షాపు మెట్లెక్కుతారు, "నిద్ర గోలీలు" అడుగుతారు. నాకు ఆ సంగతి ముందే తట్టి ఉండాల్సింది.

శనివారం సాయంత్రం

జూలై రెండో శనివారం, రాత్రి ఏడు దాటింది, బయట వాన. ఇంటర్ చదివే వయసు అబ్బాయి జేబులోంచి కాస్త తడిసిన చీటీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "సార్, గీ గోలీలు పదిహేను ఇయ్యుండ్రి."

చీటీని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూశాను. 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న డాక్టర్ గారి లెటర్‌హెడ్. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు అచ్చులో ఉన్నాయి. తేదీ జూన్ 3. పేషెంటు పేరు, ఊరు, వయసు 61. అల్ప్రాజోలం 0.25 మి.గ్రా., రాత్రి ఒకటి, 15 రోజులు. పైపైన చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది. కానీ "15"లోని 5 నల్ల జెల్ పెన్నుతో రాసింది, వాన తడికి దాని అంచు పాకింది. ముందున్న 1 బాల్ పెన్నుది, అది పాకలేదు. కాగితాన్ని వెనక్కి తిప్పి వేలితో తడిమితే ఒక్క ఆ గీత దగ్గరే గాడి తగిలింది. డాక్టర్ గారి సంతకానికి పైన ఇంకో షాపు స్టాంపు, దాని కింద జూన్ 3 తేదీ ఉన్నాయి.

ఆ స్టాంపు వేసిన ఫార్మసిస్టు ఎవరో నాకు తెలియదు కానీ, ఆయనకు నా నమస్కారం. డ్రగ్స్ రూల్స్‌లోని 65వ రూలు చెప్పేది అదే. చీటీ మీద మందు ఇచ్చినప్పుడు సంతకానికి పైన షాపు పేరు, చిరునామా, తేదీ రాయాలి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే ఆ చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలి. మనలో చాలామంది స్టాంపు వేయం, బిల్లు కొట్టి చీటీ వెనక్కి ఇచ్చేస్తాం. ఆ చీటీ ఆరు నెలలపాటు ఆరు షాపులు తిరుగుతుంది. ఇదే రూలు ప్రకారం చీటీలో మందు మొత్తం ఎంత ఇవ్వాలో కూడా ఉండాలి. ఇందులో అది లేదు. "5 గోలీలు (ఐదు)" అని అక్షరాల్లో రాసి ఉంటే ఈ 1 ఎక్కడా ఇమిడేది కాదు. ఆ రోజు నుంచి మా పట్టణంలోని డాక్టర్లందరినీ కలిసి, నిద్ర మందులకు సంఖ్యను అక్షరాల్లో కూడా రాయమని అడుగుతున్నాను. కొందరు రాస్తున్నారు.

మామూలు రోజైతే చీటీ వెనక్కి ఇచ్చేసి "ఇది చెల్లదు" అని పంపేసేవాణ్ని. చట్టం ప్రకారం అది తప్పు కాదు. ఆ రోజు ఎందుకో అడిగాను, "ఎవరికి రా?"

"మా నాయినమ్మకు సార్. రెండు రోజుల సంది నిద్ర లేదు. చేతులు ఊకె వణుకుతున్నయ్. చీర మొత్తం చెమటకు తడుస్తున్నది."

"కల్లు తాగుతదా?"

వాడు తల వంచుకున్నాడు. "దుకాణం బంద్ అయింది గదా సార్. గురువారం సంది."

గురువారం నుంచి శనివారానికి రెండు రోజులు. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోయే మందు. సగం కరగడానికి సుమారు 11 గంటలు పడుతుంది, వయసు మళ్లినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. అందుకే ఆపేసినప్పుడు బాధ త్వరగా మొదలై గట్టిగా పట్టుకుంటుంది. ఫిట్స్‌కు అవకాశం ఎక్కువగా ఉండేది కూడా ఆ మొదటి రోజుల్లోనే. అంటే ఈ చీటీ దొంగదే అయినా, దాని వెనుక ఇంట్లో కూర్చుని వణుకుతున్న మనిషి మాత్రం నిజం.

రెండు గోలీలు ఇస్తే ఏమవుతుంది?

చెయ్యి అర వైపు వెళ్లింది, అది దాచను. రెండు గోలీలు ఇస్తే ఈ రాత్రి గడిచిపోతుంది కదా అనిపించింది. కొన్ని దేశాల్లో అత్యవసరమైనప్పుడు ఫార్మసిస్టు తన నిర్ణయంతో కొన్ని రోజులకు మందు ఇచ్చే వీలుంది, అయితే అక్కడ కూడా ఇలాంటి మందులకు ఆంక్షలు ఉంటాయి. మన రూల్స్‌లో ఆ వెసులుబాటే లేదు. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1లో ఉంది. 2013 ఆగస్టులో నోటిఫై చేసి, 2014 మార్చి 1 నుంచి అమలు చేసిన ఆ జాబితాలో మొదట 46 మందులు ఉండేవి. కొత్త తరం యాంటీబయోటిక్స్, టీబీ మందులు, నిద్ర మందులు, కొన్ని నొప్పి మందులు అందులోవే. వీటిని చీటీ మీదే ఇవ్వాలి. ప్రత్యేక రిజిస్టర్‌లో డాక్టర్ పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో రాయాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచి, అడిగినప్పుడు చూపించాలి. దానికి తోడు అల్ప్రాజోలం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా వస్తుంది.

చట్టాన్ని పక్కన పెట్టినా, రెండు గోలీలు వైద్యం కావు. ఆమె ఒంటికి రోజూ ఎంత మందు అందుతోందో తెలియదు. తక్కువ ఇస్తే ఫిట్స్ ఆగవు. ఎక్కువైతే, ఆ వయసులో బాత్రూంకి లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది. నాడి, ఊపిరి చూసే మనిషి పక్కన ఉండాల్సిన పరిస్థితి అది. నేను ఇచ్చే రెండు గోలీలు ఆ ఇంటివాళ్లకు "ఇక పర్లేదు" అన్న ధీమా ఇస్తాయి. అసలు ప్రమాదం అదే.

మొదట చీటీ మీది నంబరుకు ఫోన్ చేశాను. డాక్టర్ గారు వెంటనే ఎత్తారు. తమ్ముడు పోయిన దుఃఖంలో నిద్ర పట్టడం లేదంటే ఐదు రోజులకు రాశానని చెప్పారు. కల్లు సంగతి ఆమె చెప్పలేదట. విషయం వినగానే "గోలీ ఇవ్వకండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపండి" అన్నారు. ఫోన్ పెట్టేసరికి అబ్బాయి ఏడుస్తున్నాడు. "1 నేనే పెట్టిన సార్."

దిద్దిన చీటీ చిన్న తప్పు కాదు. కానీ నా ముందు నిలబడింది గోలీలు అమ్ముకునే ముఠా మనిషి కాదు, నాయినమ్మ వణుకు చూడలేక పెన్ను తీసిన పిల్లవాడు. పోలీసులను పిలవాలని నాకు అనిపించలేదు. చీటీని జిరాక్స్ తీసుకున్నాను. ఎందుకు ఇవ్వలేదో, డాక్టర్ గారితో ఏ సమయానికి మాట్లాడానో డైరీలో రాశాను. ఒకటే చీటీని నలుగురు నాలుగు షాపుల్లో చూపిస్తుంటే నేను చేసే పని వేరుగా ఉండేది.

వాళ్ల అమ్మకు ఫోన్ చేయించాను. ఇల్లు రెండు వీధుల అవతలే. పది నిమిషాల్లో ఆటోలో వాళ్ల అమ్మ, ఆమె అత్త అయిన ఆ నాయినమ్మ వచ్చారు. ఆ నాయినమ్మను నేను పెద్దమ్మ అని పిలిచాను. పెద్దమ్మ ఆటో దిగలేదు. బీడీలు చుట్టి చుట్టి పసుపెక్కిన వేళ్లు, ఆ వేళ్లు కొంగును పట్టుకోలేకపోతున్నాయి. నన్ను చూసి, "బిడ్డా, మస్తు మందికి ఇస్తున్నవ్, నాకు ఒక్క గోలీ ఇయ్యరాదా" అంది.

"పెద్దమ్మా, ఈ వణుకు గోలీతోని పోయేది కాదు. దవాఖానల సూది ఇస్తరు, రాత్రంతా చూస్తరు. ఇంట్ల ఉంటే ఫిట్స్ వచ్చే భయముంది."

"గాడికి పోతే పిచ్చిదాన్నంటరు."

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. "అంటే అననీ పెద్దమ్మా, నేను కూడా వస్త" అన్నాను. 108కు ఫోన్ చేసి షట్టర్ సగం దించాను. రాత్రి పదిన్నరకు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అరగంట తిరగకముందే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఆ మంచం పక్కన డ్యూటీ డాక్టరు, నర్సు ఉన్నారు కాబట్టి లోరాజెపాం సూది నిమిషాల్లో పడింది. అదే ఫిట్స్ ఇంట్లో, కరెంటు పోయిన వానరాత్రిలో వచ్చి ఉంటే అని ఆ రాత్రి చాలాసార్లు అనుకున్నాను.

28 గోలీలు

పెద్దమ్మ అన్న "మస్తు మందికి ఇస్తున్నవ్" అనే మాట నన్ను వదల్లేదు. ఆదివారం షాపు మూసి లెక్క తీశాను. జూన్ 1 నుంచి ఏజెన్సీ బిల్లుల ప్రకారం కొన్న అల్ప్రాజోలం గోలీలు 300. హెచ్1 రిజిస్టర్ ప్రకారం ఇచ్చినవి 212. అరలో ఉన్నవి 60. మిగతా 28 ఎక్కడా లేవు.

నా దగ్గర నాలుగేళ్లుగా పనిచేస్తున్న అబ్బాయిని అడిగాను. వాడు దాచలేదు. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా నేను అన్నానికి ఇంటికి వెళ్తాను. ఆ వేళలో తెలిసినవాళ్లు వచ్చి బతిమాలితే రెండు రెండు గోలీలు కత్తిరించి ఇచ్చాడు. డబ్బు గల్లాలోనే వేశాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ 28లో 8 ఈ పెద్దమ్మ ఇంటికే వెళ్లాయి. అంటే ఆమెకు అల్ప్రాజోలం అందించినవాళ్లలో కల్లు దుకాణం ఒక్కటే కాదు, నా షాపూ ఉంది.

వాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం చీటీ మీది మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 65వ రూలు కూడా ఫార్మసిస్టు స్వయంగానో, దగ్గరుండి చూస్తుండగానో ఇవ్వాలంటుంది. ఏళ్లుగా రోజూ గంటన్నరసేపు ఆ రూలు నా షాపులో అమలు కాలేదు. వాడికి అది నేర్పాల్సింది నేను. నేర్పలేదు సరికదా, షాపు తెరిచి ఉంచి వెళ్లి, ఇవ్వమన్నట్టే ప్రవర్తించాను.

తెలిసిన వ్యాపారి ఒకాయన సలహా ఇచ్చాడు. ఎవరో ఒక డాక్టరు పేరుతో 28 గోలీలు రిజిస్టర్‌లో సర్దేయమన్నాడు. ఇలా సర్దేయడం మన వృత్తిలో ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. కానీ ఆ రిజిస్టర్ ఉన్నదే మందు ఎటు పోతోందో తెలియడానికి. అబద్ధం రాసిన రిజిస్టర్ కంటే ఖాళీ రిజిస్టరే మేలు, కనీసం అది ఖాళీగా ఉందని కనబడుతుంది. కొన్నవి, ఇచ్చినవి, మిగిలినవి, తేడా, కారణం అన్నీ ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇచ్చాను. తనిఖీ జరిగింది, షోకాజ్ నోటీసు వచ్చింది, ఆగస్టులో వారం రోజులు లైసెన్సు సస్పెండ్ అయింది. 66వ రూలు కింద రద్దే చేయొచ్చు. నాకు పడిన శిక్ష న్యాయమైనదే.

ఇప్పుడు హెచ్1 మందులకు వేరే చిన్న బీరువా, దాని తాళంచెవి నా దగ్గర. అన్నానికి వెళ్లేటప్పుడు షాపు మూస్తాను. రోజూ రాత్రి గల్లా లెక్కతోపాటు అల్ప్రాజోలం, డయాజెపాం, జోల్పిడెం, ట్రమడాల్ గోలీలు లెక్కపెడతాను. ఐదు నిమిషాల పని.

మూడు షాపులు, ఒకే జవాబు

ఎనిమిదో రోజు పెద్దమ్మను డిశ్చార్జ్ చేశారు. సైకియాట్రీ డాక్టరమ్మ అల్ప్రాజోలం బదులు నెమ్మదిగా దిగే డయాజెపాంకు మార్చి, రోజుకు 15 మి.గ్రా.తో మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి తగ్గించుకుంటూ పోవాలి. చీటీ నిక్కచ్చిగా ఉంది. పేరు, చిరునామా, మోతాదు, మొత్తం గోలీలు, సంతకం, తేదీ అన్నీ ఉన్నాయి. ఆ చీటీ పట్టుకుని కొడుకు మా పట్టణంలోనే మూడు షాపులు తిరిగాడు. మూడు చోట్లా ఒకే జవాబు, "డయాజెపాం మేము పెట్టం."

ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. దాడుల భయంతో చాలా షాపులు ఈ మందులు తెప్పించడమే మానేశాయి. భయానికి కారణం లేకపోలేదు. ఎన్‌డీపీఎస్ కింద శిక్ష దొరికిన పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అల్ప్రాజోలంకు చిన్న పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. బరువు లెక్కలో కలిసిన పిండి పదార్థాన్ని కూడా చేర్చాలని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో గోలీ 120 మిల్లీగ్రాములు తూగితే 42వ గోలీ దగ్గరే 5 గ్రాములు దాటుతుంది. ఈ లెక్క వింటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ చట్టం అక్రమంగా పెట్టుకున్న, అమ్మిన మందుకు. ఎన్‌డీపీఎస్ రూల్స్‌లోనే, ఈ మందుల అమ్మకం డ్రగ్స్ రూల్స్ ప్రకారం జరగాలని ఉంది. డాక్టరు రాసిన మందును సొంత వైద్యానికి ఒక మనిషి 100 మోతాదుల వరకు దగ్గర పెట్టుకోవచ్చనీ, దీర్ఘకాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే 300 వరకు కూడా ఉంచుకోవచ్చనీ ఉంది. కొన్న బిల్లు, చీటీ, రిజిస్టర్ ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిస్తే ఫార్మసిస్టు భయపడాల్సిన పని లేదు.

చెల్లే చీటీతో వచ్చిన మనిషిని "పెట్టం" అని పంపేస్తే ఆమె ఎటు వెళ్తుంది? దొంగచాటుగా తెరిచిన కల్లు దుకాణానికే వెళ్తుంది. చెల్లని చీటీకి ఇవ్వకపోవడం ఎంత ముఖ్యమో, చెల్లే చీటీకి ఇవ్వడం అంతే ముఖ్యం. ఈ రెండోదాన్ని మన సంఘాల మీటింగుల్లో ఎవరూ ఎత్తరు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి ఒకటి అడిగాను. నెల మందు ఒకేసారి ఇస్తే ఇంట్లో అన్ని గోలీలు ఉంటాయి, వణుకు వచ్చిన రాత్రి చెయ్యి ఆగదు. అందుకని చీటీ మీద "వారానికి ఒకసారి చొప్పున నాలుగుసార్లు ఇవ్వాలి" అని రాయమన్నాను. అలా రాస్తే వారం వారం ఇవ్వడం రూలుకు సరిపోతుంది. ఆమె వెంటనే ఒప్పుకున్నారు. ప్రతి ఆదివారం కోడలు వచ్చేది. ఏడు చిన్న కవర్లలో ఏడు రోజుల గోలీలు వేసి, ఒక్కోదాని మీద వారం పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చేవాణ్ని. చీటీ మీద స్టాంపు, రిజిస్టర్‌లో నమోదు, ఖాళీ కవర్లు వెనక్కి. కోడలి చేతికే ఇచ్చి, "నీ పెట్టెలనే పెట్టుకో చెల్లె, రోజుది రోజే తియ్యి" అని చెప్పాను.

నా లైసెన్సు సస్పెండైన వారం మందు ఆగిపోకూడదు కదా. పక్క మండలంలోని ఫార్మసిస్టుతో మాట్లాడి, చీటీ ఎన్నిసార్లు వాడారో, తర్వాతి తగ్గింపు ఎప్పుడో చెప్పి ఏర్పాటు చేశాను. ఆయన బండి మీద వెళ్లి ఏజెన్సీ నుంచి గోలీలు తెచ్చి మరీ ఇచ్చాడు.

మోకాళ్ల నొప్పి చీటీ

15 నుంచి 12, 10, 8 వరకు సాఫీగానే దిగింది. సెప్టెంబరు చివర్లో 6 మి.గ్రా. దగ్గర ఉన్నప్పుడు కోడలు డాక్టరమ్మ చీటీతోపాటు ఇంకో చిన్న కాగితం ఇచ్చింది. "అన్నా, మోకాళ్లు గుంజుతున్నయంటే ఆర్ఎంపీ రాసిచ్చిండు." నోట్‌బుక్ చింపిన కాగితం మీద ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన గోలీ, రోజుకు రెండు, పది రోజులు.

ఇక్కడ ఒక మాట దగ్గర మన రాష్ట్రాల్లో పెద్ద గందరగోళం ఉంది. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో రాసి ఉండే హెచ్చరికలో, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేకుండా అమ్మరాదని ఉంటుంది. పొడి అక్షరాల్లో అదీ ఆర్ఎంపీయే. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే మాత్రం మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాని, ఊళ్లో ప్రథమ చికిత్స చేసే మనిషి. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే కాబట్టి జనానికి ఆయన మీద నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆయన చీటీ మీద హెచ్1 మందు ఇవ్వడానికి లేదు. షాపుల్లో పనిచేసే పిల్లలు చాలామంది ఆ రెండు ఆర్ఎంపీలూ ఒకటే అనుకుంటున్నారు. నా దగ్గరి అబ్బాయి కూడా అలాగే అనుకున్నాడు.

ఈమెకైతే ట్రమడాల్ మరీ ప్రమాదం. డయాజెపాంతో కలిస్తే మగత పెరిగి ఊపిరి మందగిస్తుంది. పైగా ట్రమడాల్ తానుగా ఫిట్స్‌కు దారి తీయగలదు. ఫిట్స్ వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ కూడా ఎన్‌డీపీఎస్ జాబితాలోనే ఉంది. ఆ ఆర్ఎంపీకే ఫోన్ చేసి విషయం వివరించాను. పెద్దమ్మ డయాజెపాం మీద ఉన్నట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మతో మాట్లాడితే పారాసిటమాల్, వేడి కాపడం చాలన్నారు. దసరా దగ్గరపడుతోంది, ఇంటినిండా చుట్టాలు వస్తారని రెండు వారాలు తగ్గింపు ఆపి 6 దగ్గరే ఉంచారు. అలా ఆగడం మంచిదైంది. ఆ పండక్కి చుట్టాలు సీసా తెచ్చినా ఆమె ముట్టలేదని కోడలు చెప్పింది.

6 నుంచి కింది మెట్లు ఇంకా చిన్నవి. 5, 4, 3, 2, చివర 1. నవంబరులో 3కు దిగినప్పుడు నాలుగు రాత్రులు నిద్ర లేదు. కోడలికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 ముందే రాసిచ్చాను. రెండు రాత్రులు ఫోన్ చేసిందట, తెలుగులోనే మాట్లాడారట. ఆ వారమే కొడుకు ఫోన్‌లో ఒక చీటీ ఫొటో చూపించాడు. ఏదో ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో రాయించిన అల్ప్రాజోలం. 2020 మార్చి నాటి టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మందు వీడియోలో చూసి రాయకూడదు, ఫొటో మీద స్టాంపూ వేయలేం. ఇవ్వలేదు. అతను కోప్పడ్డాడు, "తల్లి బాధ చూడలేక తెచ్చిన" అన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఈ నాలుగు రాత్రులు దాటితే ఇంకో రెండే మెట్లని లెక్క వేసి చూపించాను. కొంచెంసేపటికి ఫొటో తానే డిలీట్ చేశాడు.

డిసెంబరు చివరి వారం

చివరి వారానికి రాత్రికి 1 మి.గ్రా., అంటే 2 మి.గ్రా. గోలీలో సగం. ఏడు సగాలకు నాలుగు గోలీలు ఇచ్చాను. తర్వాతి ఆదివారం కోడలు రాలేదు, పెద్దమ్మే నడుచుకుంటూ వచ్చింది. చేతులు వణకడం లేదు. కొంగు ముడి తానే విప్పి, కాగితంలో చుట్టిన రెండున్నర గోలీలు కౌంటర్ మీద పెట్టింది.

"మూడు రాత్రులు ఏసుకున్న బిడ్డా. ఎన్కసీరి యాదికే రాలె. ఇంట్ల పిలగాండ్లున్నరు, నువ్వే పెట్టుకో."

ఒకసారి బయటికి వెళ్లిన గోలీ మళ్లీ అరలోకి రాకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇంట్లో మిగిలితే టాయిలెట్‌లో వేసి నీళ్లు వదలాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ 2025లో చెప్పిన 17 మందుల జాబితాలో డయాజెపాం ఉంది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరమ్మకు ఫోన్ చేసి మిగతా సగాలు ఇక అక్కర్లేదని ఖాయం చేసుకున్నాను. షాపులో పనిచేసే అబ్బాయి చూస్తుండగా రెండున్నర గోలీలు నీళ్లలో వదిలి, తేదీ వేసి డైరీలో రాశాను. ఇద్దరం కింద సంతకం పెట్టాం.